కంభం చెరువు మీద నిలబడ్డ బండి

"సీలు ఎవరూ ముట్టుకోలేదని ఎస్సై గారు ముందు అందరికీ వినపడేలా చెప్పాలి. ఆ తర్వాతే నేను బండి మీద చెయ్యి వేస్తాను" అన్నాను.

విశ్వాసం గారు గోడౌన్ తలుపుకి ఆనుకుని నవ్వారు. సీఐగా రిటైరై ఒంగోలులో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆయన. ఆయన నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే నేను కనపడితే చాలు నవ్వుతారు.

"మేడమ్ ఇంకా సీలు కాడే ఉన్నారు. నేను కేసు తేల్చేసినా. పేపరోళ్ళు గూడా బయల్దేరినారు."

"మీరు తేల్చారు సరే, మునిగేది ఎవరో చూద్దాం."

కుర్ర ఎస్సై మా ఇద్దరి మధ్యా గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ ముట్టుకోలేదు మేడమ్. బండిని చెరువులోంచి కట్ట మీదికి లాగినప్పుడే ఇంజను మూత మీద దారం చుట్టి లక్క వేయించినా. అది అట్లే ఉంది. మిగతా బండికి సీలేం లేదు. పెట్టను జాగా లేక కృష్ణమూర్తి గారి గోడౌన్‌లోనే పెట్టించినాం."

ఆ కృష్ణమూర్తి మూలన పైపుల కట్ట మీద కూర్చుని ఉన్నాడు. మార్కాపురంలో బోరు సామాన్ల దుకాణం ఆయనది. కేసింగ్ పైపులు, మోటార్లు, కేబుళ్ళు, ఏది కావాలన్నా అక్కడికే పోవాలి. కంభంలో ఈ గోడౌన్ కూడా ఆయనదే. నాకు దూరపు బంధువు, చిన్నప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాడు. ఈరోజు మాత్రం నా మొహం చూడటం లేదు.

సంగతి ఇదీ. కృష్ణమూర్తికి ఒక్కడే కొడుకు, చెన్నకేశవ. దుకాణానికి వచ్చిపోయే బోరు మోటార్ల మెకానిక్కు నాగులు. ఒకడు షావుకారు కొడుకు, ఇంకొకడు గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు, అయినా ఇద్దరికీ ఒకటే పిచ్చి పట్టింది. సముద్రం ఒడ్డున ఏదో రిసార్టు వాళ్ళు పాత ఇనుములో పారేసిన జెట్ స్కీ ఒకటి నాగులు కంట పడింది. అది కూర్చుని తోలేది కూడా కాదు, నిలబడి తోలేది. సీటు ఉండదు. వెనక రెండు పాదాలు పట్టేంత తొట్టి, ముందు నుంచి పైకి లేచే ఒక కాడ, ఆ కాడ చివర హ్యాండిల్. కింద నుంచి నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముకుంటూ ముందుకు దూకుతుంది. నాగులు జన్మలో అలాంటిది ముట్టుకున్నవాడు కాదు. ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ, తనకొచ్చిన బోరు పనితో, దాన్ని మొత్తం విప్పి మళ్ళీ కట్టాడు.

వానలకు కంభం చెరువు నిండి అలుగు పారుతున్న ఆదివారం పొద్దున, కట్ట మీద జనం చూస్తుండగా కేశవ ఆ బండెక్కి కొండల వైపు పోయాడు. నీళ్ళ మధ్య మిట్ట దాటి మలుపు తిరిగాక చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి బండి బోర్లా పడి తేలుతూ కనిపించింది. మనిషి లేడు. చేపలవాళ్ళు వలలు వేసి గాలించారు, శవం దొరకలేదు. కట్ట మీద నిలబడి చూస్తున్న నాగులును అక్కడే పట్టుకున్నారు. అరెస్టు చూపకుండా మూడు రోజులు లాకప్‌లో ఉంచి, ఈ సాయంత్రం కోర్టుకు తీసుకుపోతున్నారు. అజాగ్రత్త వల్ల చావు అని రాస్తే బెయిలు దొరుకుతుంది. హత్య అని రాస్తే ఆ పిల్లాడి బతుకు జైల్లోనే తెల్లారిపోతుంది. హత్య అని రాయించడానికే కృష్ణమూర్తి విశ్వాసం గారిని పెట్టుకున్నాడు.

నాగులు తల్లి వీరమ్మ నిన్న మధ్యాహ్నం మార్కాపురంలో మా గుమ్మంలో కూర్చుని ఒక్కటే మాట అంది. "డిటెక్టివ్ రత్నమ్మంటే నువ్వేనంట గదా తల్లీ. నా కొడుకు ఎవరినీ చంపలేదు. ఆ బండిని నువ్వొకసారి చూడు. చూసినాక చంపినాడంటే నేను ఇంటికి పోతా." ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె మొహంలో బండి అనేసరికి ఒక వెలుగు వచ్చింది. మొదటిసారి ఇంజను పరీక్ష చెయ్యడానికి గొర్రెలు నీళ్ళు తాగే సిమెంటు తొట్టిలో బండిని దించాడట. ఇంజను రేజ్ చెయ్యగానే వెనక నుంచి కొట్టిన నీళ్ళకు తొట్టి గోడ పగిలి, మంద అంతా చెల్లాచెదురై, సాయంత్రం దాకా ఏరుకొచ్చుకున్నారట. "తిట్టడానికి నోరే రాలేదమ్మా. నీళ్ళు తాడి చెట్టంత ఎత్తు లేచినాయి. నా కడుపున పుట్టినోడేనా వీడు అని చూస్తా ఉండిపోయినా" అంది.

ఇప్పుడు ఆ బండి నా ముందు ఉంది. నిజం చెబుతున్నాను, పరీక్షించడానికి వచ్చిన దాన్ని కాసేపు పరీక్ష సంగతే మరిచిపోయాను.

రెండు పక్కలా రెండు కేసింగ్ పైపులు, బోర్లలో దించేవే, కొసలకు మూతలు అతికించి, పట్టీలతో బిగించి ఉన్నాయి. కొత్తవాడు నిలబడితే ఒరిగిపోకుండా అవి రెక్కల్లా పట్టుకుంటాయి. లేచే కాడ కింద మోపెడ్ షాక్ అబ్సార్బర్ ఉంది, వదిలేస్తే కాడ మొహాన పడకుండా. పాదాలు పెట్టే చోట లారీ టైరు ముక్క, పాదం దూర్చుకోవడానికి ట్యూబు పట్టీలు. నీళ్ళు పీల్చే నోటికి తూటికాడ చిక్కుకోకుండా ఇనుప చువ్వల జల్లెడ, బోరు మోటారుకు పెట్టినట్టే. తోలేవాడు పడిపోతే ఇంజను ఆగిపోవడానికి మణికట్టుకు కట్టుకునే తీగ ఉంటుంది. దానికి ఎస్టీడీ బూతుల్లో ఫోన్ రిసీవరుకు ఉండే చుట్టల వైరు వాడాడు. తప్పులు లేవా అంటే ఉన్నాయి. బోల్టులు ఒక్కటీ ఇంకొక దానికి జత కాదు. అతుకుల మీద ఎమ్‌సీల్ అట్లపిండిలా పూశాడు. అయినా సరే, అప్పటిదాకా నీళ్ళ కోసం భూమిలోకి మోటార్లు దించడం తప్ప తెలియని చేతులు నీళ్ళ మీద మనిషిని నిలబెట్టడానికి కట్టిన బండి అది. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"అట్ల చూడొద్దండీ మేడమ్, అది హత్యాయుధం" అన్నారు విశ్వాసం గారు.

"ఎలాగో చెప్పండి."

ఆయన దర్జాగా వంగి, టార్చి వెలుగు పైపు అడుగుకు కొట్టారు. "చూడండి. పైపు పొడవునా గాట్లు. రెండో దానికీ ఇంతే. పైన కనపడవు. బండి తేలేది ఈ పైపుల మీదే. గాట్లలోంచి నీళ్ళు లోపలికి పోతాయి, నడి చెరువులో బరువెక్కి తిరగబడుతుంది. కోసినోడు ఎవడు? బోరు పైపులకు గాట్లు కొయ్యడం తెలిసినోడు. బోరు పనోడు. అంటే నాగులు. వాడి దోస్తు వీడియోల్లో హీరో అయిపోతున్నాడు, కట్టిన వీడి పేరు ఎవురూ ఎత్తరు. కడుపుమంట. ఏమంటారు?"

గాట్లు ఉన్న మాట నిజం. నాగులు బోరు పనివాడన్న మాటా నిజం. నేను ఇంకా చూడనిది ఆయన ముందే చూశారు. కానీ ఒప్పుకుని ఊరుకుంటే నేను సీతారత్నాన్ని ఎలా అవుతాను?

కింద గోనెపట్టా పరుచుకుని పడుకున్నాను. యాభై దాటిన ఆడది చీరతో అలా బండి కింద దూరితే ఎస్సై మొహం తిప్పుకున్నాడు. తిప్పుకోనీ. పైపుల మీద ముందు నుంచి వెనకదాకా చెరువు బురద ఎండి సన్నటి పొరలా అంటుకుని ఉంది. గాట్ల దగ్గర ఆ పొర లేదు. గాటు అంచు తెల్లగా, కొత్తగా, పాలపన్నులా మెరుస్తోంది. వేలు పెట్టి లాగాను. వేలికి తెల్లటి పొడి అంటింది.

"ఎస్సై గారూ, ఈ పట్టీలు విప్పించి పైపు ఒక పక్కకు ఎత్తించండి. కింద ఒక పేపరు పరవండి."

పైపు ఎత్తారు. గాట్లలోంచి చుక్క నీళ్ళు రాలేదు. పొడి రాలింది. తెల్లటి పొడి ప్లాస్టిక్ రజను, కాగితం మీద చిన్న కుప్ప పడింది.

"విశ్వాసం గారూ, ఈ గాట్లతోనే బండి చెరువులో మునిగి ఉంటే లోపల నీళ్ళో బురదో ఉండాలి. కనీసం ఈ రజను కొట్టుకుపోవాలి. కోసిన రజను కోసినట్టే పొడిగా ఉందంటే, ఈ గాట్లు పడ్డాక బండి నీళ్ళు చూడలేదు. బండి ఒడ్డుకొచ్చి ఎండిన తర్వాత, ఈ గోడౌన్‌లో కోశారు. అప్పటికి నాగులు లాకప్‌లో ఉన్నాడు."

ఆయన నవ్వు ఆగింది. టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది, ఆర్పడం మరిచిపోయారు.

"నేను కోసినానంటారా?" గొంతు లేచింది. "ముప్పై ఏళ్ళు ఖాకీ వేసుకున్నోణ్ణి..."

"అనను. మీకు ఇలా కొయ్యడం రాదు." మళ్ళీ పైపు దగ్గరికి వంగాను. "ఈ వరస చూడండి. ఒక వరసలో గాటు ఉన్నచోట పక్క వరసలో లేదు. పక్క వరసలో ఉన్నచోట ఇక్కడ లేదు. బోరుకు ఫిల్టరు పైపు కోసేవాళ్ళు ఇలా ఎడమెడంగా కోస్తారు, పైపు బలం తగ్గి బోరులో విరిగిపోకుండా. బండి ముంచాలనుకున్నవాడికి పైపు బలంతో ఏం పని? డ్రిల్లుతో రెండు బెజ్జాలు వేస్తే సరిపోయె. బుర్ర పగతో రగిలిపోతున్నా, చెయ్యి మాత్రం ఏళ్ళ తరబడి చేసిన పని చేసినట్టే చేసుకుపోయింది."

ఆ మాట అని నేను ఎవరి వైపూ చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. మూలన పైపుల కట్ట మీద నుంచి కృష్ణమూర్తి లేచి నిలబడ్డాడు.

"నేనే కోసినా అక్కా."

ఎస్సై అదిరిపడ్డాడు. కృష్ణమూర్తి చేతులు ముందుకు చాపి వాటినే చూసుకుంటున్నాడు.

"నా బిడ్డ ఆ నీళ్ళల్లో యాడున్నాడో తెలీదు. కడసారి చూడనుగూడా దొరకలేదు. ఈయనేమో, గట్టి సాక్ష్యం లేకుంటే వాడు బెయిలు మీద వచ్చి మళ్ళా మోటార్లు దించుకుంటా తిరుగుతాడన్నాడు. ఆ మాటకు నాకు తిక్క లేసింది. రాత్రి వచ్చి కటింగ్ మిషన్ తీసుకున్నా. ఎట్ల కోసినానో గూడా తెలీదు. చెయ్యి అట్లే పోయింది." కాస్త ఆగి అన్నాడు. "నాకు శిక్ష వెయ్యమనండి. కానీ వాడు కట్టిన బండే గదా అక్కా నా బిడ్డను తినింది. అదైతే అబద్ధం గాదు గదా."

నాకు రావలసిన కోపం రాలేదు. గెలిచిన సంతోషమూ రాలేదు. మనిషి ఏడవకుండా మాట్లాడుతుంటే చూడలేకపోయాను.

"అది కూడా చూద్దాం తమ్ముడూ" అన్నాను. "ఎస్సై గారూ, సీలు తియ్యండి."

లక్క పగలగొట్టి, దారం తెంచి, రెండు రబ్బరు పట్టీలు లాగి మూత ఎత్తారు. లోపల ఇంజను. అంత బురదలో తిరగబడిన బండి, లోపల బొట్టు నీళ్ళు లేవు. ఆ అట్లపిండి ఎమ్‌సీల్ తన పని తాను చేసింది. పాత పెట్రోలు ట్యాంకు పగిలినట్టుంది, దాని స్థానంలో మోపెడ్ ట్యాంకు ఒకటి బెల్టులతో కట్టాడు. కింద మోపెడ్‌కు ఉండే పెట్రోల్ ట్యాపు కూడా అలాగే ఉంది.

ట్యాపు చూశాను. ఒకసారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"ఎస్సై గారూ, ఈ మూత సీలు వేసే ముందు ఎవరైనా తెరిచారా?"

"లేదు మేడమ్. చేపలోళ్ళు పట్టుకొచ్చేటప్పుడు నేను తెప్పలోనే ఉన్నా. పట్టీలు బిగించే ఉన్నాయి."

"నాగులు?"

"వాడు కట్ట దిగలేదు. వంద మంది చూసినారు."

"అయితే అందరూ రండి, ఈ ట్యాపు చూడండి. మూసి ఉంది."

విశ్వాసం గారికి వెంటనే తట్టలేదు. "ఉంటే?"

"ట్యాపు మూసి ఉంటే బండి కట్ట దగ్గర నుంచి మిట్టదాకా కూడా పోదు, మధ్యలోనే ఆగిపోతుంది. అంటే పోయేటప్పుడు తెరిచే ఉంది. ఆ తర్వాత ఎవరో మూశారు. మూయాలంటే పట్టీలు లాగాలి, మూత ఎత్తాలి, చెయ్యి లోపలికి పెట్టి ట్యాపు తిప్పాలి, మళ్ళీ మూత వేసి పట్టీలు బిగించాలి. మునిగిపోతున్న మనిషి చేసే పనా ఇది? ఒడ్డున నేల మీద నిలబడి, తీరిగ్గా చేసిన పని."

కృష్ణమూర్తి నడిచి వచ్చి బండి మీదికి వంగాడు. ఆ చిన్న ట్యాపును వేలితో ముట్టుకున్నాడు, నిద్రపోతున్న పసిపిల్లాణ్ణి ముట్టుకున్నట్టు.

"నేనే నేర్పినా" అన్నాడు. "వానికి మోపెడ్ ఇచ్చిన రోజు నుంచి. దిగినప్పుడల్లా ట్యాపు ముయ్యిరా, ట్యాపు ముయ్యిరా అని చంపుకు తినేవాణ్ణి. ఎంత తొందరున్నా మూసేవాడు అక్కా. దుకాణం ముందర ఒక్క నిమిషం ఆపినా మూసేవాడు." బండి అంచు పట్టుకుని మోకాళ్ళ మీద కూలిపోయాడు. "నా బిడ్డ దిగినాడు. ఒడ్డున దిగినాడు. నా బిడ్డ బతికే ఉన్నాడు."

విశ్వాసం గారు టోపీ తీశారు. ఆ మనిషి మీద నాకున్న మంట సగం చల్లారింది ఆ టోపీతో.

"నాగులును తీసుకురండి" అన్నాను.

సాయంత్రం కోర్టుకు తీసుకుపోవడానికి అతన్ని జీపులోనే ఉంచారు. లోపలికి తెచ్చారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళు లోతుకు పోయి ఉన్నాడు. నలుగురినీ చూడలేదు, ముందు బండిని చూశాడు. విప్పి పక్కన పెట్టిన పైపును, దాని గాట్లను చూసి పళ్ళు కొరుక్కున్నాడు.

"కేశవ బతికే ఉన్నాడు నాగులూ. ట్యాపు మూసి పోయాడు" అన్నాను.

బిగుసుకుపోయాడు. కళ్ళు బండి మీదే పెట్టి నిలబడ్డాడు. ఎస్సై గద్దించబోతే ఆపాను. కృష్ణమూర్తి మోకాళ్ళ మీదే అతని దగ్గరికి జరిగి చేతులు పట్టుకున్నాడు. "చెప్పు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా. యాడున్నాడు?"

నాగులు ఆయన్ని వింతగా చూశాడు. "మీకు తెలీదా పెద్దయ్యా? ఫోన్ రాలేదా?"

"ఏం ఫోన్?"

"ఆదివారం సాయంత్రమే మీకు చేస్తానన్నాడే! నాయనకు నేనే చెప్తా, నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీకు తెలుసనుకున్నా. మీరు కేసు పెట్టింది, ఏడ్సింది, ఈ సారును తెచ్చింది, అంతా నాటకమనుకున్నా. పెద్దయ్య ఎంత బాగా చేస్తున్నాడు, నిజంగానే నన్ను చంపేటట్టు చూస్తున్నాడే అనుకున్నా." ఆయన మొహంలోకి వంగి చూశాడు. "ఫోన్ రాలేదా?"

ఫోన్ రాలేదు.

అప్పుడు చెప్పాడు. అంతకు కొన్ని రోజుల ముందు, తెల్లవారుజామున బండి నేర్చుకుంటూ కొండ వైపు పోయిన కేశవకు, ఆ ఒడ్డున ఎర్రచందనం దుంగలు లారీకి ఎక్కిస్తున్న మనుషులు ఎదురుపడ్డారు. వాళ్ళలో ఒకడు తెలిసినవాడు. మార్కాపురంలో అందరూ నమస్కారం పెట్టే మనిషి. వాడూ కేశవను చూశాడు. మర్నాటి నుంచి ఇంటి చుట్టూ ఎవరో తిరగడం, మోపెడ్‌కు లారీ అడ్డం రావడం మొదలైంది. ఎక్కడికి పారిపోయినా వెతుకుతారు, చచ్చిపోతే వెతకరు అనుకున్నారు ఇద్దరూ. అందుకే జనం ముందు చెరువులోకి పోయి, అవతలి ఒడ్డున దిగి, బండిని బోర్లా తిప్పి నీళ్ళలోకి నెట్టి, అడవి దారిన గిద్దలూరు పోవాలని. పైపుకు తాడు కట్టి మెడలోతు నీళ్ళలో గుంజితే బండి తిరగబడుతుందని ముందే రెండుసార్లు చేసి చూసుకున్నారు.

"ఎవరా మనిషి?"

"పేరు నాక్కూడా చెప్పలేదక్కా. తెలిస్తే నన్ను గూడా బతకనియ్యరన్నాడు."

నేను ఆ పిల్లాడి మొహం చూస్తూ ఉండిపోయాను. ఇన్ని రోజులు లాకప్‌లో ఉండి, హంతకుడని తల్లి ముందు తిట్టించుకుని, ఒక్క మాటతో బయటపడగలిగి ఉండీ ఆ మాట మింగాడు. బండి చూసి అబ్బురపడ్డానే, దాన్ని కట్టినవాణ్ణి నేను అప్పటిదాకా చూడనే లేదు.

"సరే, అయిపోయింది. నువ్వు ఇంటికి పో" అన్నాను. "ఎస్సై గారూ, విడిచిపెట్టండి."

"వద్దు" అన్నాడు నాగులు.

"ఏం వద్దు?"

"నన్ను ఇడిపిచ్చొద్దక్కా. ఆలోచించండి. వాళ్ళకు కేశవ దొరికింటే ఈపాటికి శవం చెరువులో తేలేది. మునిగి చచ్చినాడని ఊరంతా అనుకుంటానే ఉంది, వాళ్ళు తెచ్చి పడేస్తే చాలు. తేల్లేదంటే దొరకలేదు. యాడో దాక్కోనున్నాడు, ఫోన్ చెయ్యను వీల్లేక. నేను లోపలున్నంతసేపే వాడు చచ్చినట్టు లెక్క. ఈరోజు నన్ను ఇడిస్తే, ఎందుకిడిసినారని ఆలోచిస్తారు. రేపు కొండలన్నీ గాలిస్తారు."

ఎస్సై నా వైపు చూశాడు. విశ్వాసం గారు నా వైపు చూశారు. అతని లెక్కలో తప్పు పట్టడానికి ముగ్గురం వెతుక్కున్నాం, దొరకలేదు.

"కేశవ కోసం గిద్దలూరు వైపు యూనిఫాం లేకుండా నేనే పోతా" అన్నాడు ఎస్సై నెమ్మదిగా. "ఫారెస్టులో నమ్మకమైన మనిషి ఒకడున్నాడు. కానీ ఆ ఎర్రచందనం మనిషిని పట్టుకునేదాకా ఈ కేసు హత్య కేసుగానే నడవాలి."

"అంటే నేను చెప్పిందే నిజమని పేపర్లో రావాలి" అన్నారు విశ్వాసం గారు. ఆ మాటలో గర్వం లేదు. తప్పని తెలిసిన మాటను నలుగురిలో తనే చెప్పుకోవాలి పాపం, ఆయనకూ అది శిక్షే. "మేడమ్ ఓడిపోయినానని ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాను. మరి వీరమ్మకు?"

నాగులు తల అడ్డంగా ఊపాడు. "మాయమ్మకు చెప్పొద్దు. దుఃఖమైతే దాచుకుంటది గానీ సంతోషం దాచుకోలేదు. మొగంలో కనపడిపోతుంది."

బయట గేటు దగ్గర జనం మూగి ఉన్నారు. పేపరు వాళ్ళు, ఫోన్లు పైకెత్తిన కుర్రాళ్ళు, తెల్లచొక్కాల పెద్దమనుషులు. ఆ తెల్లచొక్కాల్లో ఎవరిని చూసి కేశవ పారిపోయాడో నాకు తెలియదు. అందరి మొహాలూ ఒక్కలాగే ఆత్రంగా ఉన్నాయి. ముందు వరసలో వీరమ్మ నిలబడి ఉంది. బండిని చూసి వచ్చాను కదా, ఆ మాట కోసం చూస్తోంది.

విశ్వాసం గారు గాట్ల సంగతి చెప్పారు. నాగులే కోశాడని చెప్పారు. విలేకరి ఒకడు నా వైపు తిరిగాడు. "రత్నమ్మ గారూ, మీరేమంటారు?"

"విశ్వాసం గారు చెప్పిందే నిజం. నేను పొరబడ్డాను" అన్నాను.

నాగులును జీపు ఎక్కించారు. అతను తల్లి వైపు చూడకుండా తలొంచుకుని కూర్చున్నాడు. వీరమ్మ జీపు వెంట పరుగెత్తలేదు. జనాన్ని తోసుకుంటూ నా ముందుకు వచ్చింది.

"బండి చూసినావా తల్లీ?"

"చూశాను."

"చూసి గూడా నా కొడుకే చంపినాడంటావా?"

నేను జీవితంలో ఎన్నో అబద్ధాలు విన్నాను, కొన్ని ఆడాను. ఆ ఒక్క మాట మాత్రం గొంతులో నుంచి పెగిలి రావడానికి నా బలమంతా కావలసి వచ్చింది.

"అవును వీరమ్మా. నీ కొడుకే."

ఆమె వంగి రెండు చేతులా మట్టి తీసింది. నా మొహాన కొట్టింది. కళ్ళలో, నోట్లో, జుట్టులో పడింది. "నీ నోట్లో ఇదే పడాల. నీ నోట్లో ఇదే పడాల" అంటూ మళ్ళీ వంగింది. కానిస్టేబులు అడ్డం రాబోతే చేత్తో వెనక్కి నెట్టాను.

మొహం తుడుచుకోలేదు. దీన్ని చూసి నమ్మాల్సినవాడు ఆ గుంపులో ఉంటే బాగా చూడాలని, ఆమె చేతుల్లో మట్టి అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.